ఒకటోసారి, రెండోసారి

బెల్లం మండీలో తూకాలు రాసే పుస్తకాన్నే
వెనక్కి తిప్పి చందా పుస్తకం చేసినాను.
ముందు పేజీల్లో అచ్చులు, మణుగులు, రైతుల బాకీలు.
వెనక పేజీల్లో మా బాకీ మొదలు.

మొదటి పేరు దయామణిది. మూడువేలు.
గుజ్జు ఫ్యాక్టరీలో సీజను కూలి.
తోతాపురి సొన తగిలి పెదాలు పొక్కిపోయి
వారం దినాలు మౌతార్గాన్ నోట పెట్టలేదు ఆమె.
ఎనిమిదోనాడు ఊదింది చూడు,
దర్గా సర్కిల్లో వేలూరు బస్సెక్కబోయినోళ్ళు
ఒక కాలు మెట్టుమీద పెట్టి అట్నే నిలబడిపోయినారు.
కండక్టరు తిట్టినాడు.
తిట్టి, ఇరవై రూపాయలిచ్చినాడు.
రాసుకున్నాను: "కండక్టరు. పేరు చెప్పలేదు. ఇరవై."

బ్లూస్ అంటే ఏందని అడగనోళ్ళు లేరు.
మటన్ కొట్టు జిలానీ అడిగినాడు, కత్తి ఆపకుండా.
"ఏడ్చేసినాక, ముఖం కడుక్కోకముందు
కొంచెం సందు ఉంటాది గదన్నా,
అప్పుడు పాడేది" అనింది దయామణి.
జిలానీ ఐదొందలు తీసినాడు.
నోటుకు నెత్తురంటిందని మార్చి ఇంకోటిచ్చినాడు.

నాకు అట్ల చెప్పడం రాదు.
నాకు తెలిసింది మండీ.
మునిరత్నం వేలం పాడేది పదేండ్లుగా వింటావుండాను.
ఒకటోసారి అదే ధర.
రెండోసారి అదే ధర, గొంతు కొంచెం కిందికి.
మూడోసారికి ఎవురిదో ఏదో తెగిపోతాది.
మా పాటలూ అంతే.
ఒక మాట. మళ్ళీ అదే మాట. ఆ తర్వాత తెగేది.
పాకం తీగ సాగిందా లేదా అని
మా నాయన చన్నీళ్ళలో చుక్క వేసి చూసేవాడు.
నేను వేలికి స్పానర్ సాకెట్టు తొడుక్కుని
గిటారు మీద అదే చూస్తా ఉంటాను.

తిరుపతిలో స్టూడియో. గంటకు పన్నెండొందలు.
యజమాని మంచోడే, టీ తెప్పించినాడు.
"భక్తి పాటలైతే సగానికే చేస్తా" అన్నాడు.
దయామణి టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి,
"మావీ మొరపెట్టుకునేవే సార్" అనింది.
ఆయన నవ్వినాడు గానీ తగ్గించలేదు.

తొమ్మిది పాటలు. నలభై గంటలు.
టైలరు గజేంద్ర దగ్గర డబ్బులేదు,
పెండ్లి షేర్వాణీలో మిగిలిన గుడ్డతో గిటారుకు సంచి కుట్టిచ్చినాడు.
మా మేనత్త "ఈ ఏడుపు ఎవురింటారురా" అంటానే రెండొందలు.
పాస్టరు ఇవ్వలేదు.
ఆయన భార్య ఇచ్చి, రాయొద్దనింది.
రాయలేదు. ఒక గీత ఖాళీగా వదిలినాను.

జూలైలో బంగారుపాళ్యం నుంచి రెడ్డెప్ప వచ్చినాడు.
కాయకు కోత కూలి కూడా రాక
రోడ్డుపక్కన ట్రాక్టరు ఎత్తి కుమ్మరించిన మనిషి.
లోజేబులోంచి వెయ్యి రూపాయలు, మడతలు మడతలు.
"నీ దగ్గర ఎట్ల తీసుకునేదన్నా" అనింది దయామణి.
ఆయనకు కోపమొచ్చింది.
"దానం చేసేదానికి రాలేదు మే నేను.
తొట్టి పైకి లేసినాక, కాయ జారేముందు,
ఒక నిమిషం చప్పుడే ఉండదు.
అది పెట్టండి దాంట్లో.
అద్దాల గదిలో బాగా వినపడతాదంట గదా."

చప్పుడు లేనిదాన్ని ఎట్ల పట్టేదో నాకు తెలీదు.
లెక్క మాత్రం తెలుసు.
గంటకు పన్నెండొందలంటే నిమిషానికి ఇరవై.
మిగిలిన తొమ్మిదొందల ఎనభై ఆయనకు మేమే బాకీ.
ఆ కండక్టరు కూడా, పాపం,
సరిగ్గా ఒక నిమిషం కొనుక్కున్నాడు.

ఇప్పటికి ముప్పైయొక్క వేల నాలుగొందలు.
ఇరవయ్యారు గంటలకు సరిపోతాది.
ఏ మూడు పాటలు వదలాలో
మా ఇద్దరికీ మాటల్లేవు మూడు దినాలుగా.
పైన మిగిలే రెండొందలు బస్సుకు,
పోయేదానికి మాత్రం.

పుస్తకం షేర్వాణీ సంచిలో పెట్టినాను.
అవతల మునిరత్నం ఒకటోసారి అనేసినాడు.
దయామణి పెదాలు తడుపుకునింది.